నలభై ఒక్కమంది, మూడు డిస్కులు

లాండ్రీ పనివాళ్ళ సంఘం గది,
జనవరి 22

కంప్యూటర్ ఆపరేటరు గారికి,

తమ్ముడూ అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆస్పత్రిలో నిన్ను అందరూ ఎలా పిలిచేవారో అలాగే పిలుస్తున్నాను. ఆరేళ్ళ కిందట నీ గొంతు మళ్ళీ వినను అని నలుగురి ముందూ అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. ఫోను చెయ్యకు, ఎత్తను. ఉత్తరానికి గొంతు ఉండదు గనక ఒట్టు తప్పినట్టు కాదు. ఇది లాయరు తెలివి అని నువ్వనుకుంటే అనుకో, నాకు పోయేదేం లేదు.

పని చెబుతాను. నువ్వు బిగించి, సంఘానికిచ్చి, వదిలేసి పోయిన కంప్యూటరు ఇంకా నా బల్ల మీదే ఉంది. అందులో నలభై ఒక్కమంది ఆడవాళ్ళ మాటలు రికార్డయి ఉన్నాయి. ఆ ఆస్పత్రి దుప్పట్లు పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఉతికినవాళ్ళు. కిటికీ లేని గదిలో, గాలి బయటికి లాగే ఫ్యాను తిరగని గదిలో, బ్లీచింగ్ ఆవిరి పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్ళు. ఇన్నాళ్ళకు ఒక విచారణ అధికారిని వేశారు. ఏప్రిల్ పదిహేనులోగా వాంగ్మూలాలు ఇమ్మన్నాడు. ఎలా ఇమ్మన్నాడో విను. డిస్కు మీదే ఇవ్వాలట, మూడు కాపీలు. పెన్‌డ్రైవు పనికిరాదు, అందులోవి మార్చవచ్చునట. ఒకసారి రాస్తే చెరపడానికి వీల్లేని డిస్కే కావాలట. ఆహా! ఆస్పత్రివాళ్ళు రిజిస్టర్లలో తెల్ల సిరా పూసి, దాని మీద మళ్ళీ రాసినప్పుడు ఈ పట్టింపు ఏ గంగలో కలిసింది? పనివాళ్ళ మాటకు చెరగని డిస్కు కావాలి. యజమాని మాట పెన్సిలుతో గీకినా చెల్లుతుంది.

సరే, నా కోపం నీకు కొత్త కాదు. డ్రైవు సంగతి ఇది. ఖాళీ డిస్కు పెట్టి రాయమంటాను. గుర్రుమని ఓ నిమిషం తిరుగుతుంది. ఒక్క ముక్క రాయకుండా బయటికి నెట్టేస్తుంది, అన్నం వద్దన్న పిల్ల కంచం తోసినట్టు. పదకొండు డిస్కులు పాడయ్యాయి.

బయట షాపులో రాయించుకోవచ్చుగా అంటావు. ఈ చుట్టుపక్కల ఆ పని చేసేవాడు ఒక్కడే. ఆస్పత్రి కంప్యూటర్లు చూసేదీ వాడే. ఈ నలభై ఒక్కమందిలో పద్నాలుగు మంది ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తున్నారు. అధికారి చేతికి అందేదాకా వాళ్ళ గొంతులు ఈ గది గడప దాటవని మాటిచ్చాను.

ఆ డబ్బాలో ఏ తీగ ఎక్కడుందో తెలిసినవాడివి నువ్వే. ఇది సాయం అడగడం కాదు. సరుకు అంటగట్టినవాణ్ణి జవాబు అడగడం.

కార్యదర్శి,
లాండ్రీ పనివాళ్ళ సంఘం


బస్సు డిపో, టికెట్ మెషిన్ల రిపేరు గది,
జనవరి 29

అక్కకు,

కార్యదర్శి గారికి అని మొదలుపెట్టి కొట్టేశాను. నేనేమీ ఒట్లు పెట్టుకోలేదు.

ఈ కిందివి చూసి రాయి. డిస్కుని బయటికి నెట్టేటప్పుడు తెర మీద ఏం వస్తుంది? అర్థం కాకపోయినా అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు దింపు. రాసి ఉన్న పాత డిస్కు, పాటలదో ఏదో, పెడితే పాడుతుందా? తిరిగేటప్పుడు టకటకమని చప్పుడుందా? పదకొండూ ఒకే కంపెనీవా? అయితే వేరే కంపెనీ పెట్టె ఒకటి కొని చూడు. డిస్కు మీద దుమ్మూ వేలిముద్రలూ లేకుండా చూసుకో. అంచులు పట్టుకుని పెట్టు.

నా పని ఇప్పుడు ఇక్కడ. కండక్టర్లు పాడైన టికెట్ మెషిన్లు తెస్తారు, నేను బాగుచేస్తాను. ఒకటి వానలో తడిసి వస్తుంది, ఒకటి టీ పడి వస్తుంది, ఒకటి ప్రయాణికుడి మీది కోపంతో నేలకేసి కొడితే వస్తుంది. తెచ్చినవాడు ఎప్పుడూ ఒకటే మాట: "దానంతటదే ఆగిపోయింది సార్." నేను గుచ్చి గుచ్చి అడగను. విప్పి చూస్తే అదే చెబుతుంది.

పిన్ని ఎలా ఉంది?

తమ్ముడు


సంఘం గది,
ఫిబ్రవరి 8

తమ్ముడు అని సంతకం పెట్టినవాడికి,

అడిగినవాటికి జవాబులు. పాత పాటల డిస్కు శుభ్రంగా పాడుతోంది. గంజి పెద్దమ్మ ఆ పాట పూర్తయ్యేదాకా మమ్మల్ని డిస్కు తీయనివ్వలేదు. చప్పుడేమీ లేదు. తెర మీద వచ్చేది "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" అట, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసుకున్నాను. వేరే కంపెనీ పెట్టె కొన్నాను. దుమ్మూ వేలిముద్రలూ లేకుండా నిక్షేపంగా చేసి మరీ పెట్టాను. శుభ్రం సంగతి నువ్వు మాకు చెప్పక్కర్లేదు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. అయినా అదే తంతు. గుర్రు, నెట్టు.

ఇక్కడ సలహాలకు కరువు లేదు. ఇస్త్రీ వదిన వచ్చి, "దాని నెత్తిన ఒకటి మొట్టవే, మా ఇస్త్రీపెట్టె అలాగే దారికొచ్చేది" అంది. గంజి పెద్దమ్మేమో, "ఆడవాళ్ళ చెయ్యి దానికి పడదేమోనే, ఎవరన్నా మగాణ్ణి పిలవండి" అంది.

"మగాడు బిగించిందే పెద్దమ్మా, అందుకే పనిదొంగ అయింది" అన్నాను.

అందరం నవ్వాం. నవ్వితే మాకు ఆయాసం. నవ్వు క్షణం, దగ్గు పావుగంట.

షాపువాడి దగ్గరికి ఖాళీ డిస్కుల కోసం వెళ్తే ఏమన్నాడో తెలుసా? "ఈ కాలంలో డిస్కులేంటమ్మా, ఆ డబ్బా అవతల పారేసి కొత్తది కొనుక్కోండి." వాడి గొంతులో నాకు మా ఆస్పత్రి సూపరింటెండెంటు వినిపించాడు. పిన్నికి ఆయాసం మొదలైనప్పుడు ఆయనా ఇదే అన్నాడు, కాస్త మర్యాదగా. "విశ్రాంతి తీసుకోమ్మా, నీ స్థానంలో వేరే అమ్మాయిని పెడతాంలే." పాడైనదాన్ని బాగుచెయ్యాలంటే ఎందుకు పాడైందో కనిపెట్టాలి. కనిపెడితే ఎవడో ఒకడు జవాబు చెప్పాలి. పారేస్తే ఆ బెడద లేదు. లోకంలో పారేసుడు ఇంత ముద్దయింది అందుకే. నాకు మాత్రం పారేయడం చేతకాదు, ఈ డబ్బాని గానీ మనిషిని గానీ.

పిన్ని సంగతి నీకెందుకు? నీకు తెలియాల్సిన రోజున నువ్వు ఇక్కడే ఉన్నావు.

ఇంక అరవై ఆరు రోజులు.

కార్యదర్శి


డిపో,
ఫిబ్రవరి 17

అక్కా,

పారేయడం చేతకాదన్నావు, మనిషిని గానీ అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాను. నన్ను అనుకుని రాశావో, అలవాటుగా వచ్చేసిందో నాకు తెలీదు. వదిలేద్దాం.

ఆ ఇంగ్లీషు మాటకు అర్థం చెబుతాను. డ్రైవు లోపల సన్నటి వెలుగు ఒకటి ఉంటుంది. రాసి ఉన్న డిస్కుని చదవాలంటే అది బలహీనంగా ఉన్నా సరిపోతుంది. ఖాళీ డిస్కు మీద రాయాలంటే మాత్రం అదే వెలుగుతో లోపలి రంగు పొరకి చుక్కచుక్కగా వాతలు పెట్టాలి. రాయడం అంటే అదే. మొదలుపెట్టే ముందు ఓ మూల చిన్న వాత పెట్టి, ఎంత వేడి కావాలో చూసుకుంటుంది. ఆ వాత తేలలేదు, నా వల్ల కాదు అని చేతులెత్తేసింది. పాత పాటలు పాడుతోందంటే చూపు బాగానే ఉంది, వేడి తగ్గింది. దానికి పదేళ్ళు దాటాయి, వయసు మీద పడి ఉండాలి.

ముందు ఖర్చు లేని పని. కరెంటు పూర్తిగా తీసేసి, ట్రే బయటికి లాగి, లోపల కనిపించే చిన్న గాజు చుక్కని స్పిరిటులో తడిపిన దూదితో తుడువు. చీమ వీపు నిమిరినంత మెల్లగా. అది ఆరాక, రాసే వేగం అన్నిటికన్నా తక్కువది ఎంచుకో. వెనక తీగ ఊడదీసి మళ్ళీ గట్టిగా గుచ్చు. అప్పటికీ కాకపోతే నేను ఇక్కణ్ణుంచి ఇంకో డ్రైవు పంపుతాను. డిపో స్టోరులో కొత్తవి రెండు మూల పడి ఉన్నాయి, మేనేజరుని అడిగి తీసుకున్నాను. నాలుగు మరలు, రెండు తీగలు, అంతే. బొమ్మ గీసి పెడతాను.

ఇంకో మాట. నలభై ఒక్కమంది దగ్గర కూర్చుని వాళ్ళ దగ్గులతో సహా ఓపిగ్గా విన్నావు. బాగుంది. నా ఒక్కడి మాట వినలేదు నువ్వు. ఆ రోజు సంఘం గది గుమ్మంలో నిలబడి నేను నోరు తెరిచేలోపు నువ్వే తీర్పు చెప్పేశావు. నేను చేసింది తప్పు కాదనడం లేదు. విచారణ లేకుండా శిక్ష వేసే పద్ధతి మీద నువ్వు ఇరవై ఆరేళ్ళు పోట్లాడావు గనక గుర్తు చేస్తున్నాను.

పిన్ని ఎలా ఉంది?

తమ్ముడు


సంఘం గది,
మార్చి 12

కంప్యూటర్ ఆపరేటరు గారికి,

మళ్ళీ పాత పిలుపుకే వచ్చాను. కారణం చదువు.

గాజు చుక్క తుడిచాను. వేగం తగ్గించాను. తీగ గుచ్చాను. గుర్రు, నెట్టు. నీ పార్సిలు వచ్చింది. నువ్వు గీసిన బొమ్మ బల్ల మీద పెట్టుకుని నేనూ ఇస్త్రీ వదినా పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టి పాతది ఊడదీసి నీ కొత్తది బిగించాం. ఒక మర మిగిలింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు. పెట్టెలో మిగిలిన డిస్కులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాం. అదే మాట. అదే ఎర్రరు. అంటే కొత్తది కూడా ముసలిదేనా? లేక ఆస్పత్రికి ఒకసారి చేసిన ఉపకారం రెండోసారి చేస్తున్నావా? తొందరపడి అంటున్నానేమో. అననీ. ముప్ఫై నాలుగు రోజులే ఉన్నాయి.

శుభ్రం లేదని మాత్రం వంక పెట్టకు. మొట్టమొదటి రోజు పెట్టె చింపగానే, పరీక్షకని ఇస్త్రీ వదిన మాటలు మాత్రం రాయమని పెట్టిన డిస్కు ఒకటి రాసింది. కానీ దాని మీద పెద్దమ్మ గంజి వేలిముద్ర పడి, ఒక మాట మధ్యలో గొంతు తడబడింది. అందుకని మిగిలినవాటికి ఆ మచ్చ రాకూడదని మా పద్ధతిలో శుభ్రం చేశాను. వేడినీళ్ళు, సబ్బు, రెండు మూతలు బ్లీచింగ్, రెండు నీళ్ళు జాడించడం. డాబా మీది తీగకి నడిమి కన్నంలోంచి క్లిప్పు పెట్టి నాలుగు రోజులు మిట్ట ఎండలో ఆరేశాను. ఆపరేషన్ గది దుప్పటికి కూడా ఇంత మర్యాద జరగదు. నువ్వు వేలిముద్రలు ఉండకూడదు అన్నాక రెండో పెట్టెకీ అదే చేశాను. డాబా నిండా తళతళలు. ఎదురింటి ముసలాయన, "ఏంటమ్మా, కాకుల్ని తోలుతున్నారా?" అని అడిగాడు.

పిన్ని సంగతి రెండుసార్లు అడిగావు. చెబుతాను, నిన్ను ఏడిపించడానికే చెబుతాను. కిందటి ఏడాది రికార్డు చేసినప్పుడు పదకొండు నిమిషాలు మాట్లాడింది, మధ్యలో నాలుగుసార్లు ఆగి. ఇప్పుడు రెండు మాటలు అనేసరికి మూడోదానికి ఊపిరి ఉండదు. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టించాం. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తుంది. అధికారి గది మూడో అంతస్తు. ఆమె ఎక్కలేదు, ఎక్కినా చెప్పలేదు, ఇక్కడ మళ్ళీ రికార్డు చెయ్యలేం. ఆమె గొంతు ఇప్పుడు నువ్వు బిగించిన ఆ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేదు. మనిద్దరికీ అన్నం కలిపి పెట్టి, నీ పిచ్చి ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన గొంతు.

ఇప్పుడు చెప్పు, డ్రైవుకి ఏమైంది?

కార్యదర్శి


డిపో,
మార్చి 18

అక్కా, అక్కా,

డిస్కుల్ని ఉతికావా!

నేను గట్టిగా నవ్వేశాను. అటుగా వెళ్తున్న డిపో మేనేజరు లోపలికి తొంగిచూసి, "ఏంటయ్యా, మెషిను చక్కిలిగింతలు పెట్టిందా?" అన్నాడు. ఆ తర్వాత పిన్ని గురించి నువ్వు రాసింది చదివాను. నవ్వు ఎలా ఆగిందో నేను చెప్పను. నన్ను ఏడిపించడానికి రాశానన్నావుగా, పని అయిందనుకో.

డ్రైవుకి ఏమీ కాలేదు. పాతదానికీ కాలేదు, కొత్తదానికీ కాలేదు. పాపం, వయసు మీద పడిందని నేనే నింద వేశాను. నేను చెప్పిన రంగు పొర ఉంది చూడు, వాతలు పెట్టే పొర, అది ఎండకి వెలిసిపోయింది. రంగు బట్టని మిట్ట ఎండలో నాలుగు రోజులు వేస్తే ఏమవుతుందో నాకన్నా నీకు తెలుసు. ఖాళీ డిస్కు నీడన ఆరాల్సిన బట్ట లాంటిది. అసలు తడపకూడని బట్ట. వెలిసిన పొర మీద డ్రైవు ఎంత వాత పెట్టినా తేలదు. తేలక నెట్టేసింది. మొదటి రోజు పెట్టింది రాసింది ఎందుకంటే అదొక్కటే నీ చేతికి చిక్కలేదు.

ఇందులో నా పాలు కూడా ఉంది. వేలిముద్రలు లేకుండా చూసుకో అని రాసి ఊరుకున్నాను. ఎవరికి రాస్తున్నానో ఆలోచించలేదు. ఇంట్లోకొచ్చే కొత్త చెంబుని కూడా వేడినీళ్ళలో ముంచనిదే బల్ల మీద పెట్టనివాళ్ళం మనం. అది తెలిసీ, ఉతకవద్దు అని ఒక్క ముక్క రాయలేదు. రెండో పెట్టె నా ఖాతాలో వేసుకో.

ఇప్పుడు చెయ్యాల్సింది: కొత్త పెట్టె కొను. చింపు. తీసి పెట్టు. అంతే. నీళ్ళు వద్దు, సబ్బు వద్దు, ఎండ వద్దు, నీ ఇరవై ఆరేళ్ళ సర్వీసు కాసేపు పక్కన పెట్టు. రాసిన డిస్కుల్ని కూడా కవరులో వేసి బీరువాలో పెట్టు. రాశాక మూడింటినీ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా విను.

పిన్ని ఆ పదకొండు నిమిషాల్లో నా గురించి ఏం చెప్పి ఉంటుందో ఊహించుకోగలను. ఎంత కఠినంగా చెప్పినా అది నిజమే. ఒక్క అక్షరం తీయకు.

తమ్ముడు


సంఘం గది,
మార్చి 27

ఒరేయ్,

రాసింది. మొదటి డిస్కు రాసింది, రెండోది రాసింది, మూడోది రాసింది. ట్రే బయటికొచ్చి "పూర్తయింది" అన్నప్పుడు పదిమందిమి గదిలో ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. మాలాంటివాళ్ళు ఊపిరి బిగబట్టడం ఎంత ప్రమాదమో నీకు తెలీదు. గంజి పెద్దమ్మ డబ్బాకి దిష్టి తీస్తానంటే, "తియ్యి గానీ నీళ్ళు చల్లకు" అన్నాను. నన్ను చూసి ఇస్త్రీ వదిన వారం రోజుల నుంచీ, "వదినా, ఆ ఫ్యాను కూడా ఒకసారి ఉతికి ఆరేద్దామా" అంటూ ప్రాణాలు తోడేస్తోంది.

నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను, డ్రైవు వరకు. విచారణ లేకుండా శిక్ష అన్నావు కదా, ఆ మాట ఇన్నాళ్ళూ నాకు పంటికింద రాయిలా ఉంది. తప్పయితే తప్పని ఒప్పుకునే అలవాటు మన సంఘాల్లో మరీ తక్కువ. నేను ఒప్పుకుంటున్నాను. గుమ్మంలో నిలబడ్డవాణ్ణి లోపలికి రమ్మని, కూర్చోబెట్టి, అడిగి, ఆ తర్వాత తిట్టాల్సింది.

మూడు డిస్కులూ మొదటి నుంచి చివరిదాకా వినమన్నావు. విన్నాను. ఒక సంగతి నీకు చెప్పకుండా దాచాను, ఇక దాచను.

పిన్ని నీ గురించి ఏమీ చెప్పలేదు. రికార్డు చేసిన రోజున నేనే అడిగాను: "గదిలో ఫ్యాను తిరుగుతుండగా కళ్ళారా చూశానని సాక్షి సంతకం ఉన్న కాగితం ఆస్పత్రి వాళ్ళు చూపించారు కదా, ఆ సాక్షి ఎవరు?" ఆమె దగ్గి, నీళ్ళు తాగి, ఇదిగో ఈ మాట అంది: "ఎవరోనమ్మా. నాకు చదువు రాదు. పేరు చదవలేకపోయాను."

చదువు రాదట! నా సాయంత్రం క్లాసులో ముందు వరసలో కూర్చుని అందరికన్నా ముందు చదవడం నేర్చుకున్న మనిషి! పత్రికలో తప్పులు దొరికితే ఎర్ర సిరాతో దిద్దే మనిషి! నేను మైకు ఆపేసి, "పిన్నీ, ఇది వాంగ్మూలం, ఇందులో అబద్ధం ఆడకూడదు" అని అరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "మళ్ళీ ఆన్ చెయ్యి, మిగతాది నిజమే చెబుతా" అంది. చెప్పింది. ఆ ఒక్కటి తప్ప.

నాకు ఎవరి మీద కోపం వచ్చిందో చెప్పలేను. ఆమె మీద కాదు. ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఇంకా మనుషులం అని అనుకున్నాను, ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఆస్పత్రులు గెలుస్తున్నాయనీ అనుకున్నాను. రెండూ నిజమే, ఏం చెయ్యను?

ఇప్పుడు సంగతి ఇది. అధికారి బల్ల మీద ఒక పక్క ఈ డిస్కులు, నలభై ఒక్కమంది "ఫ్యాను తిరగలేదు" అంటారు. రెండో పక్క ఒక కాగితం, "తిరుగుతుండగా చూశాను" అంటుంది. నలభై ఒక్కమందీ జబ్బువాళ్ళు, కక్ష ఉన్నవాళ్ళు అంటారు. కాగితం మీద సంతకం పెట్టినవాడు చదువుకున్నవాడు, ఆఫీసువాడు, ఏ కక్షా లేనివాడు. ఏది బరువు తూగుతుందో నాకు తెలుసు. నీకూ తెలుసు.

రమ్మని నేను అడగను. పిన్ని అంత కష్టపడి దాచినదాన్ని నేను బజారున పెట్టను. డిస్కులు బీరువాలో ఉన్నాయి, పదిహేనున తీసుకెళ్తాను.

అక్క


డిపో,
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. పని చేస్తూ చేస్తూ ఒక మెషినుకి మరలు తప్పుగా బిగించాను. అలా ఎప్పుడూ జరగలేదు.

నువ్వు కూర్చోబెట్టి అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో ఇప్పుడు చెబుతాను. ఆస్పత్రిలో నెలనెలా తనిఖీ రిజిస్టరు టైపు చేసేది నేనే. "లాండ్రీ గదిలో గాలి ఫ్యాను పనిచేయుచున్నది." కిందటి నెల వాక్యమే ఈ నెల కింద అతికించేవాణ్ణి, తారీకు మార్చేవాణ్ణి. పంతొమ్మిది నెలలు. లాండ్రీ నేలకింద, నేను రెండో అంతస్తు. ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు. పిన్ని, నువ్వు అక్కడే ఉన్నారు, సాయంత్రం ఇంటికొచ్చి దగ్గేవాళ్ళు, నేను ఆ దగ్గు విని మందు తెచ్చేవాణ్ణి. మర్నాడు వెళ్ళి అదే వాక్యం అతికించేవాణ్ణి. రెండింటినీ కలిపి చూడటం నాకు తట్టలేదని చెబితే నువ్వు నమ్మవు. నేనూ నమ్మను.

ఆరేళ్ళ కిందట పిన్ని జబ్బు గురించి ఆస్పత్రి లోపలే విచారణ వేసినప్పుడు సూపరింటెండెంటు పిలిచి, "రాసింది నువ్వేగా, చూడకుండానే రాశావా మరి?" అన్నాడు. చూడలేదు అంటే రాసింది అబద్ధం. చూశాను అంటే సంతకం పెట్టాలి. భయపడి చూశానన్నాను. పిన్నికి ముందు రోజు రాత్రే మాటిచ్చాను, నీ తరఫున నిలబడతాను అని. మర్నాడు ఆమె బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉందట. నేను వెనక తలుపు నుంచి వచ్చి సంతకం పెట్టి వెళ్ళాను.

అంతే. ఇందులో నన్ను కాపాడేదేం లేదు. వినమని గొడవ చేసింది ఇంత చిన్న దాని కోసమా అనిపిస్తుంది నీకు. చిన్నదే. అందుకే ఇంత కాలం మింగుడుపడలేదు.

ఆ మూడు డిస్కులు ఇవ్వకు. మిగిలిన ఖాళీవాటిలో మూడు అట్టేపెట్టు. పన్నెండో తారీకు ఆదివారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను, సెలవు రాశాను, మేనేజరు సంతకం అయింది. నలభై రెండో వాంగ్మూలం నాది. పిన్ని మాటల్లో ఏదీ మార్చవద్దు, ఆమె చెప్పింది ఆమెది. నేను చెప్పేది దాని పక్కన ఉంటే చాలు. అధికారి పిలిస్తే మూడో అంతస్తుకీ వెళ్తాను. ఉద్యోగం గురించి అడగకు. దొంగ రిజిస్టరు రాశానని ఒప్పుకున్నవాణ్ణి డిపోలో ఉంచుతారో లేదో నాకు తెలీదు.

నా గొంతు విననన్నావు గనక, రికార్డు చేసేటప్పుడు ఇస్త్రీ వదినని కూర్చోబెట్టి నువ్వు బయట నిలబడు.

తమ్ముడు


పిన్ని గది,
ఏప్రిల్ 7

తమ్ముడూ,

బయట నిలబడటానికి నేనేమన్నా చెప్పులా? రికార్డు చేసేది నేను, వినేది నేను. ఆ సంగతి అక్కడితో సరి.

నీ ఉత్తరం పిన్నికి చదివి వినిపించాను. అడగకుండా చదివాను, తిట్టుకో. మధ్యలో ఆపమని చెయ్యి ఎత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తలేదు. బెంచీ మీద కూర్చున్న సంగతి దగ్గర కళ్ళు మూసుకుంది. అయిపోయాక కాగితం లాక్కుని మళ్ళీ తనే చదువుకుంది, వేలు పెట్టుకుని, వరస వరసా. చదువు రాని మనిషి!

"అధికారి ముందు చదువు రాదన్నావు, రేపు వీడొచ్చి పేరు చెబితే నీ మాట అబద్ధమైపోదా?" అన్నాను. పలక మీద "అవనీ" అని రాసింది.

ఉద్యోగం గురించి అడగకు అన్నావు, అడగను. పోతే మాత్రం అది నీ ఒక్కడి ఖర్మ అని ఇంట్లో కూర్చోకు. పైవాడు పంతొమ్మిది నెలలు చూడకుండా రాయించుకున్నాడు, కిందివాడు పంతొమ్మిది నెలలు చూడకుండా రాశాడు. శిక్ష కిందివాడితో ఆగిపోతే నేను ఊరుకోను. దానికి వేరే డిస్కు కావాలంటే వేరే డిస్కు రాస్తాను. ఈ సంఘంలో నీకూ ఒక కుర్చీ ఉంటుంది, కొంచెం కుంటిది.

పన్నెండున బస్సు దగ్గరికి ఇస్త్రీ వదిన వస్తుంది. నేను పిన్ని దగ్గర ఉండాలి. మంచం కిటికీ పక్కకి జరిపాం, మైకు ఇక్కడే పెడతాం. ఆమె తన ముందే రికార్డు చెయ్యాలని పట్టుబట్టింది. ఇంతకీ ఆమె ఇందులో నాలుగు ముక్కలు రాస్తానంటోంది, కలం లాగేస్తోంది. నా ఉత్తరం ఇక్కడికి ఆపుతున్నాను.

అక్క

చిన్నోడా,

నాకు చదువు వచ్చు. ఆ రోజు కాగితం మీద నీ పేరు మొదటి చూపుకే చదివాను. అబద్ధం ఆడాను. తప్పే. మళ్ళీ అడిగినా అదే చెబుతాను, అది నా ఇష్టం. నువ్వు మాత్రం నిజం చెప్పు. ముందు తలుపు నుంచే రా. మంచం పక్కన స్టూలు ఉంది, దాని మీద కూర్చో. నిలబడి చెప్పావంటే మధ్యలో వెళ్ళిపోవాలనిపిస్తుంది నీకు. మైకు వైపు చూడకు, అక్క వైపు చూడకు. నన్ను చూసి చెప్పు.

పిన్ని